తోలు బిగువు, గుజ్జు తోపు: మొక్క పెరుగుదలకు కంప్యూటర్ నమూనా కట్టడం ఎలా?

"మొక్క పెరగడాన్ని కంప్యూటర్‌లో చూపించాలి మాస్టారూ, ఏ సాఫ్ట్‌వేర్ దించుకోమంటారు?" గుణుపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు, బరంపురం నుంచి ఇద్దరు. ప్రాజెక్టుల రోజులు వచ్చాయంటే ఈ ప్రశ్న తప్పదు. బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అయిన మన పిల్లల కోసం ఈ సంగతి తెలుగులో ఒకచోట రాసిపెడితే నాకూ చెప్పిందే చెప్పే పని తప్పుతుంది.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఇప్పుడే ఏదీ దించుకోవద్దు. బజారుకు వెళ్లి ఒక కట్ట తూటికూర తెచ్చుకోండి. మా పర్లాకిమిడి సంతలో కళమ శాగ అని అడిగినా అదే ఇస్తారు.

కూరకూ కంప్యూటర్‌కూ ఏం సంబంధమని నవ్వకండి. మీ నమూనా నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తేల్చగలిగింది ఆ కాడ ఒక్కటే. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ప్రాజెక్టులో తెర మీద ఆకుపచ్చ రంగులు ఉప్పొంగుతున్నాయి, కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, చూడడానికి కన్నుల పండుగ. "కణంలోని పీడనం సున్నా చెయ్యి నాయనా" అన్నాను, అది తెచ్చిన కుర్రాడితో. చేశాడు. మొక్క అదే వేగంతో పెరుగుతూనే ఉంది!

సిద్ధాంతం ఇంతే తెలిస్తే చాలు. మొక్క కణం నీరు పీల్చుకుని లోపలి నుంచి గోడను నెడుతుంది. ఆ నెట్టుడును స్ఫీత పీడనం అంటారు. అది సాధారణంగా 0.3 నుంచి 1 మెగాపాస్కల్ దాకా ఉంటుంది. కారు టైరులో గాలి పీడనం 0.2 చిల్లర అని గుర్తుంచుకుంటే, లేత కాడలో ఎంత బిగువు దాగి ఉందో అర్థమవుతుంది. ఆ పీడనానికి కణ కవచం రెండు రకాలుగా లొంగుతుంది. ఒకటి సాగడం: పీడనం పోగానే వెనక్కి వస్తుంది. రెండోది సడలడం: పీడనం పోయినా వెనక్కి రాదు. ఈ రెండోదే పెరుగుదల. వీటిని వేరుచేయని నమూనా ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

కావలసినవి

- పైథాన్ ఉన్న కంప్యూటర్. నాలుగు జీబీల పాత ల్యాప్‌టాప్ బోలెడు. అదీ లేకపోతే ఫోనులో గూగుల్ కోలాబ్ (నెట్‌లోనే పైథాన్ నడిపే చోటు) తెరవండి. అదీ కుదరకపోతే ఎక్సెల్‌లో ఆరో మెట్టు దాకా చేయవచ్చు.
- నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో లెక్కలకూ గ్రాఫులకూ వాడే సాధనాలు). గ్రాఫు చేత్తో గీసుకునే ఓపిక ఉంటే ఇవీ అక్కరలేదు.
- లేత తూటికూర కాడలు, కొత్త బ్లేడు, మిల్లీమీటర్ల స్కేలు, నీటిలో చెరగని పెన్ను.
- ఉప్పు, రెండు పళ్లేలు, లీటరు నీళ్లు.

పైథాన్‌లో చలరాశుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పొడవు, పీడనం, హద్దు అని రాస్తే అది నోరెత్తకుండా పనిచేస్తుంది. దాని సొంత మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒక చిక్కుంది. 'టైమ్‌స్టెప్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి దూరుతుంది, దాన్ని పైథాన్ ఒప్పుకోదు. ఎందుకు తప్పంటోందో తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అలాంటి మాటలు మాని 'అడుగు' అని పెట్టుకోండి.

1. కాడను చీల్చి చూడండి

కణుపుకూ కణుపుకూ మధ్య ఉన్న లేత ముక్కను తీసుకుని, ఒక కొస నుంచి నాలుగు సెంటీమీటర్ల లోతు నిలువుగా నాలుగు చీలికలు చేయండి. చీలికలు వెంటనే కొద్దిగా బయటికి విచ్చుకుంటాయి. మంచినీళ్లలో వేసి పావుగంట ఆగితే చుట్టలు చుట్టుకుపోతాయి. ప్రతి చుట్టలోనూ తోలు లోపలి వంపున, గుజ్జు బయటి వంపున ఉంటుంది.

దీని అర్థం, కాడలో తోలు లాగబడి ఉంది, గుజ్జు నొక్కబడి ఉంది. కత్తి పడగానే తోలు కుదించుకుంది, గుజ్జు పొడవు సాగింది. దీన్ని హాఫ్‌మైస్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1859లోనే గమనించాడు. మీ నమూనా చివరికి ఈ చుట్టను చూపించాలి. అదే పరీక్ష.

తూటికూర దొరకకపోతే ఉల్లికాడతో చేయండి. ముదురు కాడ వద్దు, పీచు కట్టిన కాడలో ఈ ఆట ఉండదు.

2. ఉప్పునీటితో సాగుదల కొలవండి

మరో లేత ముక్క మీద కచ్చితంగా 50 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టండి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి, అందులో ఆ ముక్కను రెండు గంటలు ఉంచండి. వాడిపోయి వేలాడుతుంది. బల్ల మీద పరిచి, లాగకుండా, గీతల మధ్య దూరం మళ్లీ కొలవండి.

ఇప్పుడు వచ్చింది అసలు పొడవు. ముందున్నది సాగిన పొడవు. రెండింటి తేడాను అసలు పొడవుతో భాగిస్తే వికృతి వస్తుంది. పిల్లలు నూటికి తొంభై మంది సాగిన పొడవుతో భాగిస్తారు. తేడా చిన్నదే కానీ తర్వాతి లెక్కలన్నీ దానివల్ల కొంచెం కొంచెం తప్పుతాయి. కనీసం ఐదు ముక్కలతో చేసి సగటు తీయండి. ఈ వ్యాసంలో ఉదాహరణ కోసం వికృతి 5 శాతం అనుకుంటున్నాను. మీకు వచ్చిన అంకెనే మీరు వాడండి.

3. ఒక్క కణంతో మొదలుపెట్టండి

లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త 1965లో ఇచ్చిన సమీకరణం ఇది. పీడనం ఒక హద్దు దాటితేనే కణం పెరుగుతుంది, ఎంత దాటితే అంత వేగంగా:

రేటు = 0.1 * (పీడనం - హద్దు)
పొడవు = పొడవు + పొడవు * రేటు * అడుగు

పీడనం 0.5, హద్దు 0.3 మెగాపాస్కల్ పెట్టండి. 0.1 అన్నది కవచం సడలే గుణం, గంటకు ఒక మెగాపాస్కల్‌కు ఇంత అని లెక్క. రేటు గంటకు 0.02, అంటే 2 శాతం. మొదటి పొడవు 100 మైక్రోమీటర్లు. అడుగు అంటే లెక్క ఒక్కోసారికి ముందుకు జరిగే కాలం, గంటల్లో. ఆ కాలం పూర్తయ్యేదాకా రెండో వరుసను మళ్లీ మళ్లీ నడపాలి.

సరిచూడడం: పది గంటల తర్వాత చేతి లెక్క ప్రకారం 122.14 రావాలి. అడుగు 0.1 గంట అయితే కంప్యూటర్ 122.12 చూపిస్తుంది, ఒక గంట అయితే 121.90. ఈ మూడు అంకెలూ రాకుండా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

హెచ్చరిక: పీడనం హద్దుకన్నా తక్కువైతే రేటు రుణాత్మకం అవుతుంది, కణం వెనక్కి 'పెరుగుతుంది'. సడలిన గోడ తిరిగి బిగుసుకోదు. అలాంటప్పుడు రేటును సున్నా దగ్గర ఆపేయండి. పీడనం 0.2 పెట్టి, పొడవు 100 దగ్గరే కదలకుండా ఉందో లేదో చూడండి.

4. సాగుదలను, సడలడాన్ని విడదీయండి

ఇప్పుడు ఒక పొడవు చాలదు, రెండు కావాలి. కణాన్ని గొట్టం అనుకుందాం: వ్యాసార్ధం 10 మైక్రోమీటర్లు, గోడ మందం 0.2. పొడవు దిశలో ప్రతిబలం (గోడ అడ్డుకోత వైశాల్యంలో ఒక్కో ప్రమాణానికి పడే బలం) పీడనం × వ్యాసార్ధం ÷ (2 × మందం), అంటే 12.5 మెగాపాస్కల్. గోడ గట్టిదనం 250 మెగాపాస్కల్ అనుకుంటే వికృతి 0.05. అసలు పొడవు 100 అయితే సాగిన పొడవు 105.

పెరిగేది అసలు పొడవు మాత్రమే. సాగిన పొడవును ప్రతి అడుగులోనూ దాని నుంచి లెక్కగట్టాలి. హద్దును కూడా వికృతిలోకి మార్చుకోండి: 0.3 మెగాపాస్కల్‌కు 0.03 వస్తుంది. రేటు = 1 * (వికృతి - 0.03). మళ్లీ 0.02 వచ్చింది కదా? రాకపోతే ప్రమాణాలు ఎక్కడో కలగాపులగం అయ్యాయి. బార్‌ను మెగాపాస్కల్ అనుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. పది బార్‌లు ఒక మెగాపాస్కల్.

సరిచూడడం: పది గంటలు పెంచాక పీడనాన్ని ఒక్కసారిగా సున్నా చేయండి. పొడవు తగ్గాలి, కానీ 100కు కాదు, 122 దగ్గర ఆగాలి. ఉప్పునీటిలో మీ కాడ చేసిన పనే ఇది. 100కు పడిపోతే సడలడం లేదు, 128 దగ్గరే ఉండిపోతే సాగడం లేదు.

గోడ సాగేకొద్దీ పలచబడదా అని అడుగుతారు. కణం కొత్త పదార్థాన్ని చేర్చి మందాన్ని నిలుపుకుంటుందని ఇక్కడ అనుకుంటున్నాం. ఆ మాట మీ నివేదికలో తప్పక రాయండి.

5. తోలునూ గుజ్జునూ జత చేయండి

అసలు సరుకంతా ఇక్కడే ఉంది. తోలు గట్టిది, గుజ్జు మెత్తనిది. గట్టిదనాలు 4, 2 అనుకోండి. పీడనం వల్ల తోలులో పుట్టే తోపు (పొడవు సాగేలా నెట్టే బలం) 0.1, గుజ్జులో 0.2. రెండూ అతుక్కుని ఉన్నాయి కాబట్టి సాగిన పొడవు రెండింటికీ ఒక్కటే:

పైది = తోలుతోపు + గుజ్జుతోపు + తోలుగట్టి + గుజ్జుగట్టి
కిందిది = తోలుగట్టి / తోలుఅసలు + గుజ్జుగట్టి / గుజ్జుఅసలు
సాగినది = పైది / కిందిది

అసలు పొడవులు రెండూ 100 అయితే 105 వస్తుంది. ఇప్పుడు కాగితం మీద వాటిని విడదీయండి. తోలు ఒంటరిగా 102.5 దాకానే సాగుతుంది, గుజ్జు 110 దాకా సాగుతుంది. జతగా ఉన్నప్పుడు ఒకటి లాగబడి, ఒకటి నొక్కబడి, 105 దగ్గర రాజీపడ్డాయి. పీడనం రెండింటిలోనూ ఉన్నా గోడల మందం వేరు కావడం వల్లే ఈ లాగుడు పుట్టింది. ఒకటో మెట్టులో చీల్చిన కాడ చేసింది ఇదే.

సరిచూడడం: తోలులో మిగిలిన బలం 4 × 0.05 − 0.1, అంటే 0.1 లాగుడు. గుజ్జులో 2 × 0.05 − 0.2, అంటే 0.1 నొక్కుడు. రెండూ కలిస్తే సున్నా. ప్రతి అడుగులోనూ ఈ మొత్తాన్ని అచ్చు వేయించండి. సున్నా కాకపోతే మీ కాడను బయటి నుంచి ఎవరో లాగుతున్నట్టే.

6. జతను పెంచండి

రెండు అసలు పొడవులనూ నాలుగో మెట్టు సూత్రంతోనే పెంచండి. సడలే గుణం తోలుకు 1, గుజ్జుకు 4. అడుగు 0.01 గంట.

మొదట గుజ్జు దూసుకుపోతుంది. అసలు పొడవు పెరిగేకొద్దీ దాని వికృతి తగ్గుతుంది, భారం తోలు మీదికి మారుతుంది. రెండు మూడు గంటల్లో రెండూ ఒకే వేగానికి వస్తాయి: తోలు వికృతి 0.0567, గుజ్జు వికృతి 0.0367, రేటు గంటకు 0.0267.

ఇప్పుడు ఒక తమాషా చేయండి. గుజ్జు సడలే గుణాన్ని రెట్టింపు చేసి 8 పెట్టండి. రేటు 0.0282 అవుతుంది, అంటే కదిలీ కదలనట్టే. దాన్ని మళ్లీ 4కు తెచ్చి, తోలును 1 నుంచి 2 చేయండి. రేటు ఎగిరి 0.048కి చేరుతుంది. గుర్రం గుజ్జు, కళ్లెం తోలు. ఈ ఒక్క ఫలితం చూపించగలిగితే మీ ప్రాజెక్టు ముప్పాతిక వంతు అయినట్టే. రంగుల బొమ్మలు అక్కరలేదు.

హెచ్చరిక: అడుగును ఒక గంటకు పెంచి చూడండి. గ్రాఫు రంపపు పళ్లలా ఊగుతుంది. ఈ అంకెలతో అడుగు సుమారు 0.65 గంట దాటితే అంతే. దాన్ని మొక్క 'లయ' అనుకుని నివేదికలో రాసిన వాళ్లున్నారు. ఏ ఊగిసలాట కనిపించినా అడుగును సగం చేసి చూడండి. పోతే అది లెక్కల దోషం.

7. చుట్ట ఎంత పెద్దదో ముందే చెప్పండి

వేడికి రెండు లోహాల పట్టీ ఎంత వంగుతుందో టిమొషెంకో అనే ఇంజనీరు 1925లో లెక్కగట్టాడు. ఆ సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. రెండు పొరలూ ఒకే మందం అయితే వంపు వ్యాసార్ధం సుమారుగా చీలిక మందం ÷ (1.5 × పొడవుల తేడా నిష్పత్తి). మన 4, 2 గట్టిదనాలకు కచ్చితంగా చేస్తే 1.5కి బదులు 1.45 వస్తుంది, దానికోసం కంగారు పడవద్దు.

ఐదో మెట్టులో 110ని 102.5తో భాగిస్తే తేడా 7.3 శాతం. చీలిక మందం 2 మిల్లీమీటర్లు అయితే వ్యాసార్ధం 18 మిల్లీమీటర్ల చిల్లర. ఆరో మెట్టులో పెరిగిన కాడకు తేడా 9.4 శాతానికి చేరి, వ్యాసార్ధం 14కు దిగుతుంది. అంటే చురుగ్గా పెరిగే కాడ ఇంకా బిగుతుగా చుట్టుకోవాలి. ఇప్పుడు కొన దగ్గరి ముక్కనూ కింది ముక్కనూ చీల్చి, చుట్టల్ని గళ్ల కాగితం మీద పెట్టి కొలవండి. మందాలు వేరైతే ఎవరి మందం వాళ్లదే లెక్కలో వేయండి. మీ అంకె నమూనా అంకెకు సగానికీ రెట్టింపుకూ మధ్య ఉంటే సంతోషించండి. నమూనా అంకె మీ కొలతలో పదోవంతే వస్తే మందాన్ని సెంటీమీటర్లలో వేశారేమో చూడండి.

8. పోగుల దిశ (ఓపిక ఉన్నవాళ్లకు)

గొట్టంలో చుట్టూతా ఉండే ప్రతిబలం పొడవు దిశలో ఉన్నదానికి రెట్టింపు. మన కణానికి 25, 12.5. అలాంటప్పుడు కణం లావెక్కాలి కదా, పొడవెందుకు సాగుతుంది? పీపాకు ఇనుప పట్టీలు బిగించినట్టు సెల్యులోజ్ పోగులు అడ్డంగా చుట్టుకుని ఉంటాయి కాబట్టి. ఆ పోగులకు దారి చూపే సూక్ష్మనాళికలు ప్రతిబలం ఎక్కువగా ఉన్న దిశలో అమరుతాయని ఆమాన్, ఆయన సహచరులు 2008లో అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్క మొగ్గ కొనల మీద చూపించారు. బలం పోగును తిప్పుతుంది, పోగు ఆకారాన్ని మారుస్తుంది, ఆకారం బలాన్ని మారుస్తుంది.

నమూనాలో ఒక్క వరుస చాలు: కోణం మార్పు = వేగం × సైన్ (2 × (బలం దిశ − పోగు కోణం)). ఎక్కువ బలం చుట్టూతా ఉంది కాబట్టి బలం దిశ 90 డిగ్రీలు. పోగును 45 డిగ్రీల దగ్గర మొదలుపెడితే మెల్లగా 90కి చేరాలి. కచ్చితంగా 0 దగ్గర మొదలుపెడితే సైన్ విలువ సున్నా కాబట్టి అక్కడే ఇరుక్కుపోతుంది. ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరపండి. పైథాన్ కోణాలను రేడియన్లలో తీసుకుంటుంది, డిగ్రీలు ఇస్తే పిచ్చి సమాధానాలు వస్తాయి.

గాలి సంగతి

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో చూసినవాళ్లు, గాలి దెబ్బను ఈ నమూనాతో చూపవచ్చా అని అడుగుతుంటారు. తుఫానుకు ఒరిగిన కొబ్బరి చెట్టు ఇందులోకి రాదు. అది ఒక్క రాత్రిలో జరిగిన ఒరుగుడు. తర్వాత మొవ్వ నిటారుగా తిరగడం భూమ్యాకర్షణకు సంబంధించినది, దాన్ని మనం లెక్కలో చేర్చనే లేదు. రోజూ వీచే గాలి వేరు. తరచూ తాకిడి తగిలే మొక్క పొట్టిగా, దృఢంగా పెరుగుతుందని జాఫ్ అనే శాస్త్రవేత్త 1973లో వివరించి దానికి పేరు కూడా పెట్టాడు. నమూనాలో తోలు సడలే గుణాన్ని 1 నుంచి 0.7కు తగ్గించి రేటు ఎంత పడిందో చూడండి. చేతి లెక్కకు 0.0193 రావాలి. ఈ 0.7 మాత్రం నేను ఊరికే తీసుకున్న అంకె. మీ అంకె మీకు కావాలంటే రెండు కుండీల్లో రాజ్మా గింజలు వేసి, మొలకలు వచ్చాక ఒక కుండీలోని కాడలను ఉదయం సాయంత్రం ఇరవైసార్లు మెల్లగా నిమరండి. రెండు వారాల పాటు రోజూ పొడవు రాసుకోండి. రెండు కుండీలకూ ఒకే ఎండ, ఒకే నీళ్లు. ఇంట్లో పిల్లలు ఉంటే నిమిరే పని వాళ్లకు ఒప్పగించవద్దు, ఉత్సాహం కొద్దీ రెండు కుండీలనూ నిమిరేస్తారు.

లెక్క కుదరనప్పుడు

ఎక్కువమంది చేసే పని, బొమ్మ అందంగా వచ్చేదాకా అన్ని అంకెలూ ఒకేసారి మార్చడం. అలా చేస్తే ఏది దేనివల్ల మారిందో ఎప్పటికీ తెలియదు. ఒకసారి ఒక్క అంకెనే మార్చండి, మార్చిన తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. మా ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా నన్ను కాపాడింది ఆ నోటుబుక్కే.

మొదట పీడనం సున్నా పరీక్ష. తర్వాత బలాల మొత్తం సున్నా పరీక్ష. ఆ తర్వాత అడుగు సగం చేసే పరీక్ష. మూడూ నెగ్గాక కూడా కాడతో పొంతన కుదరకపోతే అప్పుడు గట్టిదనాన్ని అనుమానించండి. అంతకంటే ముందు, ఉప్పునీటి కొలత మళ్లీ తీయండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు నాకు తప్పు అక్కడే దొరికింది, వాడిన కాడను నిటారు చేయబోయి లాగేసి ఉంటాను.

వందల కణాల గుంపు కావాలనుకుంటే అప్పుడు వర్చువల్‌లీఫ్ గానీ మార్ఫోడైనమ్‌ఎక్స్ గానీ దించుకోండి. వాటిలోనూ ముందు ఒకే ఒక్క కణం పెట్టి, మూడో మెట్టులోని 122.14 వస్తుందో రాదో చూడండి.